వంద మెగాపిక్సెళ్ల దుప్పటి

అమ్మ పోయిన మూడో రోజు, ఫొటో స్టూడియోలో కంప్యూటర్ ముందు అక్కా తమ్ముడూ.

"ఒరేయ్, దుప్పటి నేత పోగు పోగూ కనిపిస్తోంది. అమ్మ మొహమేంట్రా, ఇలా అలికేసినట్టుంది?"

"వంద మెగాపిక్సెళ్ల కెమెరా అక్కా. ఆస్పత్రి గదిలో వెలుతురు చాలక ఫోకస్ దుప్పటి మీద పడింది."

"మరి నీ పాతది?"

"దానికి పాతిక మెగాపిక్సెళ్లే గానీ, మసక వెలుతుర్లోనూ మొహాన్ని పట్టేసేది. అదిచ్చేసే ఇది తెచ్చుకున్నా."

"పేరు గొప్ప, ఊరు దిబ్బ! అమ్మ నవ్వుతోంది కదరా, ఇంకోటి తియ్యకపోయావా?"

"చకచకా పది తీశా, అన్నీ ఇంతే. అంత పెద్ద ఫొటోలు మెమరీ కార్డులోకి ఎక్కేదాకా ఈ కెమెరా పదకొండోది తియ్యనివ్వదు."

"ఎక్కాక?"

"తీశాను. అందులో మొహం చాలా స్పష్టంగా వచ్చిందక్కా. అప్పటికి అమ్మ లేదు."