యాదీరాకి ఎక్కించిన నెత్తురు

కొలంబియా సముద్రతీరంలోని చిన్న ఊళ్ళో, ఇంటి వెనక నీడలో కూర్చుని ఇద్దరు ముసలమ్మలు కందికాయలు ఒలుస్తున్నారు. ఒకామె యాదీరా తల్లి, రెండో ఆమె పక్కింటావిడ.

“యాదీరాని ఏడేళ్ళప్పుడు బస్సు గుద్దింది, గుర్తుందా వదినా?”

“ఎందుకు లేదు? కన్నతల్లి నెత్తురు బిడ్డకి పనికిరాకపోవడమేంటని డాక్టరు మీదికి ఒంటికాలిపై లేచావు.”

“నా నెత్తురు ‘ఏ’ గ్రూపు, దానిది ‘ఓ’. నాది ఎక్కిస్తే పిల్ల ప్రాణానికే ముప్పని ఆయన ఎంత చెప్పినా నా చెవికెక్కలేదు.”

“నాది ‘ఓ’ అని తేలాక ఇంకా గట్టిగా ఏడ్చావు.”

“ఏడవనా మరి! మీ ఇంట్లో డప్పుల హోరుకి నేను పోలీసుల్ని పిలిచాక అప్పటికి రెండేళ్ళుగా మనకి మాటల్లేవు. పైగా నీ నెత్తురు ఎక్కితే అదీ నీలాగే చిందులేస్తూ తిరుగుతుందని భయం.”

“ఆ మాట నా చెవిన పడింది. అయినా నెత్తురివ్వడానికి చెయ్యి చాచాను. పిల్ల నాకేం చేసింది?”

“నేనన్నట్టే అయిందిగా! యాభై దాటినా నిన్న కార్నివాల్లో వీధంతా తనదే అన్నట్టు ఆడింది. అంతా నీ నెత్తురు మహిమే.”

“పిచ్చిదానా, ఎక్కించిన నెత్తురు ఒంట్లో నాలుగు నెలలకి మించి ఉండదని అప్పుడే చెప్పాడు ఆ డాక్టరు.”

“మరి దానికి ఆ ఆట ఎక్కణ్ణించి వచ్చింది?”

“కట్లు విప్పిన దగ్గర్నుంచీ రోజూ సాయంత్రం దాన్ని మా ఇంటికి పంపిందెవరు?”

“నేనే. నువ్వు చేసిన మేలుకి నీతో ఒక్క మంచి మాట చెప్పడానికి నోరు రాక, పిల్లని పంపేదాన్ని.”