కలిసిన బియ్యం

సువార్తమ్మ అని ఒక ముసలామె, మా చినలంకపాలెం గుళ్ళో బియ్యం ఏరేదంట. గుడంటే ఏ గుడో అనుకునేవు, మా లూథరన్ గుడి. మేం చర్చీ గిర్చీ అనం, మా తాతల కాణ్ణించీ గుడే. సువార్తమ్మ మొగుడు కృష్ణలో పడవ తిరగబడి పోయాడు, కడుపున ఒక్క కాయ కాయలా. గుడి పక్కనే తాటాకు గుడిసె. ఆదివారం గంట కొట్టేది ఆవిడే, సోమవారం బియ్యం ఏరేది ఆవిడే. ఏ బియ్యం అంటావా, అదే చెబుతన్నా, ఆగు. పిడికెడు బియ్యం. అప్పట్లో మా ఆడోళ్ళు ఎసట్లో బియ్యం పోసేముందు ప్రభువు పేరు చెప్పి ఒక పిడికెడు తీసి వేరే ముంతలో పోసేవాళ్ళు. పదిమందికి వండినా పిడికెడే, గంజిలోకి రెండు గుప్పెళ్ళే ఉన్నా అందులోంచీ పిడికెడే. ఆదివారం ఎవరి ముంత వాళ్ళు కొంగు చాటున తెచ్చి గుళ్ళో గంపలో కుమ్మరించేది. ఒకటే గంప. సన్నబియ్యం, దంపుడు బియ్యం, నూకలు, అన్నీ కలిసిపోయేవి. సోమవారం సువార్తమ్మ వసారాలో కూచ్చుని చాటలో పోసుకుని రాళ్ళూ మట్టిబెడ్డలూ ఏరేది. ముప్పై ఏళ్ళు ఏరింది. ఏరేటప్పుడు బియ్యం వేళ్ళతో తడిమి, ఇది ఫలానా వాళ్ళ పిడికిలి, ఈ వారం ఆ ఇంట్లో నూకలే ఉన్నయ్యి పాపం, అని చెప్పేదంట. ఆ ఏరిన బియ్యంలోంచి ఉపదేశి గారు ముందు ఆవిడకి కొలిచి, తరవాత దిక్కులేని వాళ్ళకి కొలిచి, మిగిలింది పండగలకి దాచేవాడు. ఉపదేశంటే, పాస్టరు గారు ఏడూళ్ళకి ఒక్కడాయె, నెలకోసారి వస్తాడు, మిగతా ఆదివారాలు గుడి నడిపేది ఉపదేశి. ఆయన పేరు తీతు గారు. మంచోడు. మంచోడంటే, ఎవర్నీ ఏమీ అనలేనోడని అర్థం.

ఇట్టా ఉండగా ఏమైందంటే, ఓ ఏడు కోత పండగొచ్చింది. ఊరంతా కలిసి ప్రేమ విందు. పట్నం నించి పెద్ద పాస్టరు గారొచ్చాడు, నున్నగా దువ్వుకుని, తెల్ల అంగీ. గంపలో బియ్యమే వండారు. అందరూ బంతిలో కూచ్చున్నారు, ప్రార్థన అయింది, ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. పటుక్కున చప్పుడు! బంతి చివరాఖరికి వినపడిందంట. ఆయన నోట్లోంచి బియ్యపు గింజంత రాయి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు, దాని పక్కన పన్ను ముక్క. పాపం ఆయన నవ్వేశాడు. ఆయన ఊరుకున్నాడు గానీ మావోళ్ళు ఊరుకుంటారా? మా ఇళ్ళు రెండు వరసలు, తూర్పొకటి, పడమరొకటి. పడమటి వరసలో దెబోరమ్మ అనే ఆవిడ ఉంది, స్త్రీల సమాజానికి పెద్ద, నోరు పెద్దది. ఆవిడ అంది, బియ్యం చెరక్కుండా తెచ్చిపోసే ఇల్లేదో అందరికీ తెలుసులేమ్మా అంది. అంటా తూర్పు వరస ఎలీశమ్మ వంక చూసింది. ఎలీశమ్మ గుళ్ళో పాట ఎత్తే మనిషి, గొంతు గంటలాంటిది, తగువులో కూడా అంతే. నా బియ్యంలో రాళ్ళున్నయ్యంటావా వదినా, నీ మాటలో ఉన్నన్ని నా బియ్యంలో ఉండవులే అంది. అంతే. విస్తళ్ళు విస్తళ్ళ కాడే ఉన్నయ్యి, బంతి రెండైపోయింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, మా ఊళ్ళో ఆ రోజు రెండు నోళ్ళు లేచినయ్యి.

పై ఆదివారం పడమటోళ్ళు గుడికి రాలా. దెబోరమ్మ వాళ్ళ గొడ్లపాక శుభ్రం చేసి, పేడతో అలికి, అక్కడ ప్రార్థన పెట్టుకున్నారు. పాకలో ప్రార్థనేందమ్మా అని తీతు గారంటే, ఏసయ్య పుట్టింది పాకలోనే గదా ఉపదేశి గారూ అందంట దెబోరమ్మ. పొద్దున గుళ్ళో ప్రార్థన చేసి, చంకలో బైబిలు పెట్టుకుని, పంచె ఎగ్గట్టి పాకకి పరిగెత్తేవాడు. రెండు చోట్లా ఒకటే ప్రసంగం, పొరుగోళ్ళని ప్రేమించాలి అని. గుళ్ళో వాళ్ళేమో ఇది పాకోళ్ళకి తగిలే మాట అనుకునేది, పాకోళ్ళేమో ఇది గుళ్ళో వాళ్ళకి బాగా తగిలిందిలే అనుకునేది. రెండు గంపలైనయ్యి, ఎవరి బియ్యం వాళ్ళే ఏరుకునేది. పాస్టరు గారు నెల మొదట్లో వచ్చి చూశాడు, గుండెలు బాదుకున్నాడు. రెండు చోట్ల సంస్కారం బల్ల వెయ్యను, ప్రభువు శరీరాన్ని రెండు ముక్కలు చెయ్యమంటారా నన్ను, కలిసిన్నాడు కబురంపండి అని వెళ్ళిపోయాడు. ఇహ సంస్కారం లేదు, అదే, ప్రభువు పేరున రొట్టె, ద్రాక్షరసం అందరూ పంచుకునేది. మట్టలాదివారం పోయింది, ఈస్టరు పోయింది. మధ్యలో ఉజ్జీవ కూటాలని కూడా పెట్టిచ్చారు, మూడు రోజులు, మైకు సెట్టు, ఎక్కణ్ణించో ఒక ప్రసంగీకుడు. మూడు రోజులూ రెండు వరసలోళ్ళూ వచ్చి భోరున ఏడ్చారంట. నాలుగో రోజు పొద్దున బావి కాడ చేద కోసం జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. నవ్వుతారేందే, మీరైతే పట్టుకోరా?

మరి సువార్తమ్మ సంగతేంది? అదిగో, ఆ సంగతి మీకు గుర్తొచ్చింది గానీ ఆ రోజున ఒక్కళ్ళకీ గుర్తు రాలా. తూర్పోళ్ళేమో, ఆవిడ మెట్టింది పడమటి ఇంట్లో గదా, ఆవిడ మొగుడు పడమటోడేగా, వాళ్ళు పెడతన్నార్లే అనుకున్నారు. పడమటోళ్ళేమో, ఆవిడుండేది గుడి పక్కన, గంట కొట్టేది వాళ్ళకి, గుడి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే పెట్టాల అనుకున్నారు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని ఊరికే అన్లా పెద్దోళ్ళు. తీతు గారు ఒకసారి అడిగాడంట, అవ్వా, బియ్యం ఉన్నయ్యా అని. ఉన్నయ్యయ్యా అంది. ఆయన పరుగులో ఆయనున్నాడు. కోతలప్పుడు మళ్ళల్లో ఏరుకున్న పరిగె గింజలతో, కాలవగట్టు ఆకుకూరతో వానలదాకా లాక్కొచ్చింది. నాట్లు పడుతున్న రోజుల్లో ఒక ఆదివారం గంట మోగలా. ఏడయింది, ఎనిమిదయింది. తూర్పోళ్ళు వెళ్ళి చూస్తే గుడిసెలో చాప మీద ముడుచుకుని పడుంది. పొయ్యిలో బూడిద కూడా చల్లారి గట్టిపడిపోయింది. ఎలీశమ్మ ఇంటికి ఉరికి సోలెడు సన్నబియ్యం తెచ్చింది. అవ్వా, లే, గంజి కాస్తా అంది. సువార్తమ్మ కళ్ళు తెరవకుండానే చెయ్యి చాపి బియ్యం తడిమింది. ఇది నీ ఒక్కదాని బియ్యమే గదా ఎలీశమ్మా, ముప్పై ఏళ్ళు కలిసిన బియ్యం తిన్నదాన్ని, ఒక్కింటి బియ్యం నాకు అరగదు, తీసకపో అంది.

ఈ మాట పాకలోకి పాకింది. దెబోరమ్మ మొహం చిట్లించి, ఎలీశమ్మ బియ్యం ఆవిడకి అరగవులే, నేనిస్తా అని బయల్దేరింది. తెలివైన మనిషాయె, తన ఇంట్లో సన్నబియ్యంలో దంపుడు బియ్యం కలిపి, గుప్పెడు నూకలు కూడా వేసి తీసకెళ్ళింది. అవ్వా, ఇవిగో కలిసిన బియ్యం అంది. ముసల్ది చెయ్యి పెట్టింది. మూడు రకాలే, ఒకటే పిడికిలి, దెబోరమ్మా, ప్రభువు ఎదట పెట్టేదాన్ని మోసంతో పెడతావా అంది. దెబోరమ్మ అంత నోరున్న మనిషి ఆ బియ్యం కొంగున కట్టుకుని వెనక్కొచ్చింది. రెండో రోజు తీతు గారి పెళ్ళాం మజ్జిగ పట్టుకెళితే రెండు గుక్కలు తాగింది, అంతే. మూడో రోజుకి లేచి కూచ్చునే ఓపిక కూడా లేదు. ఇప్పుడు భయం పట్టుకుంది మా ఆడోళ్ళకి. పోతే ఎవరి మీద పడిద్ది? ఇద్దరి మీదా పడిద్ది. గుడి ముసల్ది ఆకలితో పోయిందని ఏడూళ్ళు చెప్పుకుంటయ్యి, అది ఒక పక్క. ఇంకో పక్క, పాపం, అందరికీ ఆవిడంటే ప్రాణం. మా అమ్మ అప్పుడు కొత్త కోడలు, ఆవిడే చెప్పింది నాకు, ఆ మూడు రోజులూ ఏ ఇంట్లోనూ అన్నం నోటికి పోలేదే అని.

మూడో రోజు మధ్యాహ్నం నాట్ల కాణ్ణించి కాళ్ళు కూడా కడుక్కోకుండా వచ్చారంట అందరూ. తూర్పు సందులోంచి ఎలీశమ్మ, వెనకాల వాళ్ళోళ్ళు. పడమటి సందులోంచి దెబోరమ్మ, వెనకాల వాళ్ళోళ్ళు. అందరి చేతుల్లో ముంతలే. ఎవరూ ఎవర్నీ పిలుచుకోలా, ఎవరి మొహం ఎవరూ చూళ్ళా. సువార్తమ్మని ఇద్దరు పట్టుకుని తెచ్చి గుడి వసారాలో గోడకి ఆనించి కూచ్చోబెట్టారు. తీతు గారు చాట తెచ్చి ఆవిడ ముందర పెట్టాడు. ఎలీశమ్మ పోసింది. దెబోరమ్మ పోసింది. మా అమ్మ నూకలు పోసింది, మా ఇంట్లో అవే ఉన్నయ్యి. ముప్పై ఇళ్ళ బియ్యం, చాట నిండి నేల మీద పొర్లిపోయింది. ఎలీశమ్మ అంది, అవ్వా, కలిసిన బియ్యం, ఇహనన్నా తింటావా అని. సువార్తమ్మ రెండు చేతులూ బియ్యంలో పెట్టి అటూ ఇటూ కదిలిచ్చింది. కదిలిచ్చి కదిలిచ్చి ఒక్కసారిగా ఏడ్చింది. చిన్నపిల్ల ఏడ్చినట్టు ఏడ్చిందంట.

నేను ఏరలేనమ్మా అంది. నాకు కళ్ళు కనపడవు. పోయిన కోత పండగకే కనపడవు. మళ్ళో పరిగేదో, గట్టు మీద ఆకేదో, సన్నబియ్యమేదో నూకలేవో చేతికి తెలుస్తయ్యి, చిన్న రాళ్ళు తెలవవు. పెద్ద పాస్టరు గారి పంటికింద పడ్డ రాయి ఎలీశమ్మదో, దెబోరమ్మదో, ఇంకెవరిదో నాకు తెలవదు. ఎవరిదైతే ఏం, దాన్ని ఆపాల్సింది నేను. నేనే ఆపలా. మీరు కొట్టుకుంటుంటే నోరు తెరిచి చెబుదామనుకున్నా. చెబితే చాట లాక్కుంటారు. ఈ గుళ్ళో నాకున్న పని ఇదొక్కటే, ఇది పోతే నేనెవర్ని? ఆ భయంతో నోరు మూసుకున్నా. మీ గుడి రెండు ముక్కలయింది నా భయం వల్ల. ఆ బియ్యం నాకెట్టా దిగిద్దే గొంతులో?

ముందు ఎలీశమ్మకి కోపమే వచ్చిందంట, అబద్ధమెందుకు. ఏడు నెలలు నన్ను రాళ్ళదాన్ని చేసి కూచ్చోబెట్టావు, మొన్న నేను సోలెడు బియ్యం తెచ్చినప్పుడన్నా చెప్పకూడదా ముసలిదానా అని అరిచింది. సువార్తమ్మ అంది, నీకొక్కదానికే చెబితే నువ్వు గెలిచినట్టు, దెబోరమ్మకే చెబితే ఆమె గెలిచినట్టు. ఇద్దరూ ఒక్క చోట ఉన్నప్పుడు చెబితే ఇద్దరూ గెలవరని ఆగానమ్మా అంది. ఆ మాటకి ఎలీశమ్మ చతికిలబడింది. కూచ్చుని, ఇంకా ఏం దాస్తాను అంది. ఆ వారం నేను బియ్యం చెరగలా. చెరిగే తీరికుంది, చెరగలా. అవ్వ ఏరుతుందిగా అని కుండలోది కుండలో నించే తీసి పోశా అంది. అనేసరికి దెబోరమ్మ తలొంచుకుని, ఆ వారమేంది వదినా, నేనైతే ఏడాది నించీ చెరగటం లేదు, ఇంట్లోకి చెరిగిన బియ్యం, గుడికి చెరగని బియ్యం అంది. ఇహ చూసుకో, ఒకళ్ళ తరవాత ఒకళ్ళు. నేనూ అంటే నేనూ. మా అమ్మ కూడా చెప్పుకుంది. ముప్పై ఇళ్ళోళ్ళూ, అవ్వ ఏరుతుందిలే అని మట్టీ రాళ్ళూ దేవుడి గంపలో పోసినోళ్ళే, ఆ కళ్ళు ఏరీ ఏరీ పోయినయ్యి. తీతు గారు కూడా ఏడుస్తా, రెండు చోట్లా ఒక్క ప్రసంగం కూడా పోగొట్టుకోలేదు గానీ మనిషిని పోగొట్టుకోబొయ్యానమ్మా, నన్ను క్షమించు అని ఆవిడ కాళ్ళ కాడ కూచ్చున్నాడు. మూడు రోజుల కూటాలు, మైకు సెట్టు, ఇవేమీ చెయ్యలేని పని ఒక గుడ్డి ముసల్ది చాట ముందర చేసింది. దేవుడు ఎవరి నోట మాట్లాడతాడో మనకేం తెలుసు.

అక్కడే రాళ్ళు పేర్చి పొయ్యి పెట్టారు. ఎలీశమ్మా దెబోరమ్మా చెరో పక్కన కూచ్చుని ఆ బియ్యం ఏరారు. మెత్తగా జావ కాచి సువార్తమ్మకి చెంచాతో పోశారు, తాగింది. తాగి, ఉప్పు తక్కువైందే అంది. అందరూ నవ్వీ ఏడ్చీ. ఆదివారం పాస్టరు గారొచ్చి బల్ల వేశాడు. ఎప్పుడూ గబగబా అప్పజెప్పే పాపాల ఒప్పుకోలు ప్రార్థన ఆ రోజు ఒక్కో మాటా ఆగి ఆగి పలికారంట. మోకాళ్ళ మీద తూర్పు పక్కన పడమర, పడమర పక్కన తూర్పు. గిన్నె ఒకటే, ఒకళ్ళు తాగిందే ఒకళ్ళు తాగారు. చాట మాత్రం సువార్తమ్మ కాణ్ణించి ఎవరూ తియ్యలా. సోమవారం సోమవారం ఆవిడ చాట ఒళ్ళో పెట్టుకుని కూచ్చునేది, అటొక వరసావిడా ఇటొక వరసావిడా కళ్ళై కూచ్చుని ఏరేవాళ్ళు. ఆవిడ చేత్తో తడిమి, ఈ వారం ఫలానా ఇంటి పిడికిలి రాలేదే, వెళ్ళి చూడండే, జొరమేమో అని చెప్పేది. వీళ్ళు వెళ్ళి చూసేవాళ్ళు. అట్టా ఇంకో నాలుగేళ్ళు బతికింది.

ఇదీ సంగతి. ఎలీశమ్మ మా మేనత్తే లెండి, దాచేదేముంది. అందుకే ముందు ఒప్పుకుంది ఎలీశమ్మే అని నేను చెబుతన్నా. మీరు పడమటి సందులోకి వెళ్ళి అడగండి, లేదు, ముందు నోరు విప్పింది దెబోరమ్మే అని కర్ర పట్టుకుని చెబుతారు. ఆ తగువు ఇంతవరకూ తెగలా. ఇదివరకు తప్పు నీదంటే నీదని కొట్టుకున్నోళ్ళం, ఇప్పుడు తప్పు ముందు నాదన్నది మేమంటే మేమని కొట్టుకుంటన్నాం. తగువే గానీ, ఇట్టాంటి తగువు ఊరికొకటి ఉన్నా తప్పులేదు.