లీజు బండి

కౌలు రైతు మడికి నీళ్ళు మళ్ళిస్తుంటే, పొలం ఆసామి నెల్లూరు షోరూము నుంచి నేరుగా గట్టు మీదికొచ్చి నిలబడ్డాడు.

"చిన్న ఎస్‌యూవీ చూసొచ్చినానబ్బా. లోనుకంటే లీజు చవకంటుండారు."

"లీజంటే ఏందన్నా?"

"బండి వాళ్ళది, నెలనెలా డబ్బులు కట్టేది మనం. తిప్పినా తిప్పకపోయినా కట్టాల్సిందే. గడువైపోతే బండి వాళ్ళకి అప్పజెప్పి నడిచి రావాల."

"మనకేం మిగల్దా?"

"ఏం మిగల్దు. ఇంత అన్యాయం యాడన్నా ఉంటాదా?"

రైతు పారకంటిన బురద నిదానంగా గీకాడు.

"ఉంటాదిలేన్నా."

"నేనొప్పుకోలా. లోను పెట్టి సొంతానికే కొంటుండా. కంతులు కట్టుకోవాల గదా, ఈ పంట నించి నీ కౌలు ఎకరాకి ఇంకో రెండు బస్తాలు పెంచినా."