ఎర్లిందా టీచర్ మా మందను లెక్కపెట్టిన రోజు

అధ్యక్షత వహిస్తున్న మా బడి డైరెక్టర్ దోన్ ఎలియోదోరో గారికి, తల్లిదండ్రుల సంఘం తరఫున వచ్చిన దోన్యా పౌలీనా గారికి, పైకొండల నుంచి చీకటితోనే బయలుదేరి వచ్చిన పెద్దలకు, తోటి టీచర్లకు, కిటికీలెక్కి కూర్చున్న పిల్లలకు నమస్కారం. ముందు కిటికీలు దిగండి నాయనా, ఆ చెక్క పాతది. (నవ్వులు)

నేను ఇవాళే ఎందుకు మాట్లాడాలో మొదటే చెబుతాను. రిటైరైన ఎర్లిందా టీచర్ రేపు పొద్దున బస్సుకు తన చెల్లెలి దగ్గరికి అరెకీపా పట్నం వెళ్లిపోతున్నారు. జనవరి పదిహేనులోపు నేనొక కాగితం జిల్లా ఆఫీసుకు పంపాలి. హాస్టలున్న పెద్దబడిలో మన బడికి ఒక్క సీటు ఇచ్చారు, ఆ సీటుకు ఎవరు తగినవాళ్లో చెప్పే కాగితం అది. అందులో ఒక పిల్ల గురించి నేను రాసిన రెండు మాటలున్నాయి. ఎర్లిందా టీచర్ ఎదురుగా ఉండగానే ఆ మాటల సంగతి తేల్చుకోవాలి. అందుకని పొగడ్తలు తోటివాళ్లకు వదిలేశాను. వాళ్లు ఏమీ మిగల్చలేదు కూడా. (నవ్వులు)

మా ఇంట్లో నాకంటే ముందు బడి గుమ్మం తొక్కినవాళ్లు లేరు. ఎనిమిదో ఏట, కాళ్లకు టైరు చెప్పులతో, బట్టల నిండా పిడకల పొగ వాసనతో వచ్చి ఈవిడ క్లాసులో కూర్చున్నాను. మొదటి వారం లెక్కల పాఠం. ఆవిడ నవ్వుతూనే అడిగారు: "దెల్ఫీనా, మీ ఇంట్లో అల్పాకాలు ఎన్నమ్మా?"

నేను తల దించుకున్నాను.

"పదా? ఇరవయ్యా? పోనీ గొర్రెలెన్ని?"

నోరు విప్పలేదు. నా పక్కనున్న మా మేనమామ కూతురు సబీనా కూడా విప్పలేదు. పైకొండల పిల్లలం ఏడుగురం, ఏడుగురమూ అంతే. ఊరి పిల్లలేమో "మా కోళ్లు పదకొండు!" "మా పందులు మూడు!" అని గొంతు చించుకునేవాళ్లు. ఆ వారంలోనే మేం వెనక బెంచీకి వెళ్లాం. ముందు బెంచీల వాళ్లు భాగహారాలు చేస్తుంటే మేం ఒకటి నుంచి పది దాకా రాసిందే రాసేవాళ్లం. బోర్డు తుడవడం, జెండా ఉతకడం మా పని. టీచర్ ఒక్క రోజు కూడా తిట్టలేదు, కొట్టలేదు. తన కమలాపండు ఒలిచి మాకే పెట్టేవారు. మమ్మల్ని చూసి జాలిపడేవారు. ఆ జాలితోనే రెండేళ్లు మమ్మల్ని పదంకెల దగ్గర కూర్చోబెట్టారు.

చూడండి, టీచర్ తల ఊపుతున్నారు. ఇది చెప్పమన్నది ఆవిడే. "దండ వేసి అబద్ధాలు చెప్పావంటే లేచి వెళ్లిపోతానే" అన్నారు నిన్న.

రెండో ఏడు సెలవుల్లో, ఊలు కోసం పెంచే మా అల్పాకాల మంద చెవులకు రంగుల కుచ్చులు కట్టే పండగకు మా అమ్మ ఆవిడను పిలిచింది. కంచరగాడిదెక్కి వచ్చారు. రాళ్లగోడ పక్కన నిలబడి, ముచ్చటపడి, మంద వైపు వేలెత్తి "ఒకటి, రెండు, మూడు" అని మొదలుపెట్టారు. దొడ్డి ఆ చివరి నుంచి మా అవ్వ పరుగెత్తుకొచ్చి ఆ చేతి మీద ఒక్క దెబ్బ వేసింది.

"ఏం పనమ్మా ఇది పంతులమ్మా! మందను వేలుపెట్టి లెక్కపెడతారా ఎక్కడైనా? దిష్టి తగిలి వచ్చే ఏటికి సగం మిగలవు!"

"మరి ఏదైనా తప్పిపోతే ఎలా తెలుస్తుంది అవ్వా?"

"నీ క్లాసులో ఓ పిల్ల రాకపోతే వేళ్లు మడిస్తేనే తెలుస్తుందా నీకు? ఒసే దెల్ఫీనా, ఇవాళ ఏది రాలేదే?"

నేను మందను ఒకసారి చూసి చెప్పాను: "నల్లమూతిది, దాని పిల్ల, కుంటిది."

టీచర్ చేతులు వెనక్కి కట్టుకున్నారు. తర్వాత వంటింట్లోకి వచ్చి, భయం భయంగా అడిగారు: "బంగాళదుంపలైతే లెక్కపెట్టొచ్చా అవ్వా?"

"దుంపలకేం దిష్టి? నీ ఇష్టం వచ్చినంత లెక్కపెట్టుకో తల్లీ!" (నవ్వులు)

కుండ ఉడికేలోగా నేను నలభై ఎనిమిది దుంపల్ని ఆరుగురికి పంచాను, యాభైని పంచి రెండు మిగిల్చాను. మా నాన్న ఊలుపోగులు పంచి కుచ్చులు కడుతూ కడుతూ నాకు నేర్పిన లెక్కలే అవి. టీచర్ ఆ రోజు సరిగ్గా తినలేదు. బడి తెరిచిన రోజున మా అందరి ముందు నిలబడి అన్నారు: "పైకొండల పిల్లలకు లెక్కలు రావనుకున్నాను. నేను అడగకూడనిది అడిగాను. ఎందుకు చెప్పడం లేదని ఒక్కరి ఇంటికీ వెళ్లి అడగలేదు." ఆ రోజుతో వెనక బెంచీ పోయింది. కానీ సబీనా అప్పటికే బడి మానేసింది. ఆమె ఇవాళ ఈ హాల్లో లేదు. ఆమె మాట వచ్చినప్పుడల్లా ఎర్లిందా టీచర్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటారు.

వెనక బెంచీ మీద కూర్చున్నదాన్ని కదా, నాకు ఇలాంటి పొరపాటు రాదనుకున్నాను. కిందటేడు నా క్లాసుకు సముద్రతీరం నుంచి ఒక పిల్ల వచ్చింది. మాట్లాడితే నా కళ్లలోకి సూటిగా చూస్తుంది. మధ్యాహ్నం మనమంతా గుడ్డ పరిచి, వేయించిన మొక్కజొన్నలు పోసుకుని కలిసి తింటామా, ఆ పిల్ల తన డబ్బా పట్టుకుని గోడ వైపు తిరిగి తింటుంది. ఏడాదంతా చూశాను. కాగితంలో "పొగరు, స్వార్థం" అని రాశాను. పోయిన వారం ఎర్లిందా టీచర్ అది చదివి, పక్కన పెట్టి, ఒకటే అడిగారు: "వాళ్లింటికి వెళ్లావా?"

వెళ్లలేదు. మా ఇంటి నుంచి నాలుగు వీధులు.

పిల్ల పేరు చెప్పకూడదనే అనుకుని వచ్చాను...

(తలుపు దగ్గర నుంచి ఒక తల్లి గొంతు: "చెప్పండి టీచర్, మా మిర్తాయేగా! ఇంట్లో రోజూ మీ గొడవే!" నవ్వులు.)

మంచిగానా, మారిబెల్ గారూ?

("అది ఇక్కడ చెప్పేది కాదులెండి!")

సరే. (పక్కకు తిరిగి) ఎర్లిందా టీచర్, నాకు అక్షరాలు నేర్పినందుకు, లెక్కలు నేర్పినందుకు, తప్పు చేశానని పిల్లల ముందు నిలబడి చెప్పడం నేర్పినందుకు మా అవ్వ తరఫున, మా అమ్మ తరఫున మీకు దండం. మీరు నా మీద నమ్మకంతో ఈ క్లాసు అప్పగించారు. ఓపిగ్గా విన్న పెద్దలందరికీ కృతజ్ఞతలు.

మారిబెల్ గారూ, ఆ రెండు మాటలూ కొట్టేశాను. ఆ చోటు ఇప్పుడు ఖాళీగా ఉంది. మీ ఇంటికి వచ్చి, మీతో కూర్చుని, మిర్తా గురించి నాకు తెలియనివి తెలుసుకున్నాకే అక్కడ మళ్లీ ఏదైనా రాస్తాను. ఇప్పుడే జవాబు చెప్పొద్దు, అందరి ముందు కాదనడం మీకు కష్టం. ముందు మిర్తాను అడగండి. ఏ రోజు రమ్మంటారో, అసలు రావద్దంటారో, జనవరి పదో తారీకులోపు కబురు పంపండి. సెలవు.