వైరులో పాట పారదు బావా

వైరులో పాట పారుతుందనుకున్నావా బావా? కుళాయి గొట్టమనుకున్నావా దాన్ని?

అయ్యో రాత! నీ కంప్యూటరు నుంచి అక్క కీబోర్డుకి వేసిన ఆ మిడి వైరులో శబ్దమన్నది చుక్క కూడా ఉండదు. ఉండేవన్నీ కబుర్లు. ఫలానా మీట నొక్కారు, ఇంత గట్టిగా నొక్కారు, ఇదిగో వదిలేశారు. అంతే! ఆ కబురందుకుని తనలో దాచుకున్న శబ్దంతో పలకాల్సింది అవతలున్న ఆ కీబోర్డు, అదే సింథసైజరు. ఈపాటి సంగతి కూడా నీ తలకెక్కలేదు.

పైగా ప్రతి కబురుకీ ఒక ఛానెల్ నంబరుంటుంది. మా అక్క సింథసైజరు పాతకాలం ముసల్ది. దాన్ని ఒకటో నంబరు మీద పెట్టారు, అది ఆ నంబరు మీద వచ్చిందే వింటుంది. నీ కొత్త కంప్యూటరేమో రెండో నంబరు మీద పంపిస్తోంది. మరెలా పలుకుతుంది, నీ మొహం చూసి పలుకుతుందా? రెండు తీసి ఒకటి పెట్టుంటే అయిపోయేది. పక్క గదిలోనే ఉన్నానుగా, అడిగితే నీ సొమ్మేం పోయేది?

ఆఁ, అడగవు. మరదల్ని అడిగితే మ్యూజిక్ డైరెక్టరుగారికి నామోషీ! సబ్బు ప్రకటనకి ఒక్కసారి వాయించావో లేదో, కాళ్లు నేల మీద ఆనటం మానేశాయి.

అడగకపోగా ఏం చేశావు? శబ్దాలు పాతబడిపోయాయి, అందుకే పలకట్లేదని తేల్చేశావు. ఇంటర్నెట్‌లో ఎవడో ఊరికే పెట్టిన శబ్దాల మూట దింపుకుని, నిన్న సాయంత్రం ఆ వైరులోంచే దాని మీదకి తోశావు. మామూలు కబురు వేరు, ఈ మూట వేరు నాయనా. ఇది లోపలికెళ్లి, ఉన్నదాన్ని తుడిచేసి ఆ చోట్లో తను కూచుంటుంది. ఓ పక్కకి సర్దుకుని కూచోదు.

ముసల్ది వద్దంది కూడాను! లోపలి శబ్దాలు చెరిగిపోకుండా దాని వెనకాల ఓ స్విచ్చుంది. అక్క దాని మీద టేపు అంటించి, "ముట్టుకోవద్దు" అని కూడా రాసింది. ఆ టేపు గోరుతో గీకి మరీ పీకావే, అప్పుడైనా అనుమానం రాలేదా? అనుమానం రావాలన్నా కాస్త బుర్రుండాలిలే.

ఏంటీ, కాపీ ఉంటుందా? ఎక్కడ, నీ జేబులోనా?

అమ్మ వంట చేస్తూ నోరు మూసుకునే కూనిరాగం తీసేది, గుర్తుందా నీకు? అమ్మ పోయాక అక్క ఓ వేసవంతా కూచుని, ఆ గొంతుని ఆ డబ్బాలోంచి రప్పించింది. వెంట్రుకవాసి తేడా వచ్చినా చెరిపేసి మళ్లీ మొదలు. అది మొదటిసారి విన్న రోజు నేను వంటింట్లోకి పరుగెత్తాను, తెలుసా? ఇప్పుడు ఇంకోసారి చెయ్యమందామా? ఆవిడకి చెవులు పోయి రెండేళ్లు దాటింది.

ఏమన్నావ్? ఏదీ, మళ్లీ అను.

ఎలాగూ వినపడదు కాబట్టి చెప్పకపోతే సరిపోతుందా? ఛీ! పెళ్లాం చెవుడు నీకు కలిసొచ్చిందన్నమాట! ఇన్నాళ్లూ నిన్ను ఉత్త దద్దమ్మవనుకున్నాను. కాదు, చాలా ఘనుడివి.

నేలచూపులు చూడకు. విను.

పొద్దున నువ్వింకా లేవలేదు. అక్క వచ్చి దాని ముందు కూచుంది. రోజూలాగే ఓ అరచెయ్యి స్పీకరుకి ఆనించి, రెండో చేత్తో అమ్మ శబ్దం నంబరు పెట్టి, మీట నొక్కింది. బాకా మోగింది బావా! ఊరేగింపు బాకా. నువ్వు వెలగబెట్టిన ఘనకార్యం నాకప్పుడే తెలిసింది. అక్క అరచెయ్యి అటూ ఇటూ జరిపి చూసుకుంది. తర్వాత నా మొహంలోకి చూసి అడిగింది, "అమ్మేనా?" అని.

ఎంత ఆశగా అడిగిందో!

నిన్నింతలా దులిపేస్తున్నానా... నువ్వు చెప్పొద్దనకముందే, పొద్దున్నే, అవునని తల ఊపేశాను బావా.