కట్టేసిన ఆడవాళ్ళు

హలో… ఆ, నేనే… కాదు, అన్నెజా కాదు. దాని తల్లిని, మొస్కూలాని. మీరెవరూ?

… జన్నీసా? ఏ జన్నీస్?

… ఓహో, నా మొగుడు జన్నీసా! ఎనిమిదేళ్ళయింది కదయ్యా, గొంతు గుర్తుపట్టలేదంటే ఏమీ అనుకోకు.

… లేదు, పడిపోలేదు. కూర్చునే ఉన్నాను. ఒళ్ళో చిక్కుళ్ళ గిన్నె ఉంది. నువ్వు చెప్పు, నా చేతుల పని నా చేతులు చేసుకుంటాయి.

… పిరేయుస్‌లోనా? రేవులోనే? టికెట్టు కూడా కొన్నావా!

… నాలుగున్నరకి ఓడ. ఇప్పుడు నాలుగూ ఐదు.

… ఎందుకొస్తున్నావని నేనడగలేదే. ఎల్లుండి దేవమాత పండుగ. ఎక్కడెక్కడి నావికులకీ ఆ రోజే ఇల్లు గుర్తొస్తుంది.

… నా జవాబు కావాలా? దేనికి?

… తలుపు తీస్తానా లేదా అనా. ముందది తేలితే గానీ ఓడెక్కవా?

… సరే, తేలుద్దాం. ముందు నాదొక ప్రశ్న. మూలికల మీద పరిశోధన అంటూ మా పై గది అద్దెకి తీసుకుని పది రోజులున్నాడే, ఆ స్ట్రాతిస్ నీకేమవుతాడు?

… తెలీదా?

… మళ్ళీ అను. తెలీదా?

… ఉపవాస దినాలయ్యా, అబద్ధాలాడకు. పాపం, అతనికి నీకన్నా భక్తి ఉంది. సాయంత్రం ప్రార్థనకి చర్చికొచ్చాడు. బతికున్నవాళ్ళ క్షేమం కోసం పేర్లు రాసిస్తాం కదా, అందరిలాగే అతనూ చీటీ రాసి పాదిరిగారి చేతిలో పెట్టాడు. పాదిరిగారు పైకి చదువుతున్నారు. అన్నెజా, మార్కోస్, ఇరీని… జన్నీస్.

… ఆ. ఆ పేరుతో ఊరొదిలి పోయినవాడివి నువ్వొక్కడివే. ఎనిమిదేళ్ళుగా నేనా పేరు చీటీ మీద రాయలేదు. చర్చంతా తిరిగి నా వంక చూసింది. నేను అతని వంక చూశాను. చెవుల దాకా ఎర్రబడిపోయాడు.

… అతన్ని తిట్టకు. స్నేహితుడి మేలు కోరి రాశాడు. దేవుడి దగ్గర దాచలేక నా దగ్గర దొరికిపోయాడు. ఇంటికొచ్చి మెట్ల మీద కూలబడి అంతా చెప్పేశాడు. మా గుమ్మంలో మగవాడి చెప్పులేమైనా కనిపిస్తాయేమో చూసి రమ్మన్నావట!

… భయమేసిందా? నీకు!

… ఆగాగు. ఇదెక్కడ నేర్చావో నాకు తెలుసు. ఏడో తరగతిలో మనిద్దరం చదివాం, ఆ ఓడ నాయకుడి కావ్యం. యుద్ధానికెళ్ళి ఇరవై ఏళ్ళకి ముష్టివాడి వేషంలో ఇంటికొచ్చి పెళ్ళాన్ని పరీక్షిస్తాడు. నీకు ఆ వేషం వేసుకునే ఓపిక కూడా లేక ఇంకొకణ్ణి పంపావు.

… చెప్పు, విందాం.

… ఆ… ఆ… అంతటి వీరుడే ఏడేళ్ళు ఒక దేవకన్య దీవిలో చిక్కుకుపోయాడు, ఇక నేనెంత. అంతేనా?

… లేదు, నవ్వడం లేదు. … సరే, నవ్వుతున్నాను. ఆ పాఠంలో నీకెన్ని మార్కులొచ్చాయో నాకు గుర్తుంది మరి.

… చిక్కుకుపోయాడు! ఒకత్తి పందుల్ని చేసింది. కొందరు బండ మీద కూర్చుని పాడి పిలిచారు. ఒకత్తి దీవిలో దాచేసింది. అసలా యుద్ధమే ఒకత్తి అందం వల్ల వచ్చిందన్నారు. మగవాళ్ళు మాత్రం పాపం దారిన పోతున్నారు! అంత పొడుగు కావ్యంలో ఒక్కడైనా తన కాళ్ళతో తాను నడిచి ఆ ఆడవాళ్ళ గడప దాటాడటయ్యా?

… ఆ వీరుడి ఇల్లాలు మంచిదే, ఎవరు కాదన్నారు? ఇరవై ఏళ్ళు ఉన్నచోటు నుంచి కదలకుండా కూర్చుంది కాబట్టి మంచిది. కదిలి పరాయి మగవాళ్ళ దగ్గరికి పోయిన పనిపిల్లల్ని చివర్లో వరసగా ఉరి తీశారు. వాళ్ళేం చేశారండీ అని నేనడిగితే మేష్టారు కూర్చోమన్నారు. నువ్వు వెనక బెంచీలోంచి నవ్వావు.

… నీకు గుర్తులేదా. నాకుంది.

… సరే, నీ దేవకన్య సంగతి చెప్పు. బ్రెజిల్లో, సాంతోస్ రేవులో భోజనశాల నడిపేది కదూ?

… కాఫీలో ఏదో కలిపిందా! ఎనిమిదేళ్ళూ? పూట తప్పకుండా? అంత మందు ఎక్కడ దొరుకుతుందయ్యా, మా మేకలకి పెడతాను, కొండెక్కి పోకుండా ఉంటాయి.

… ఆవిడ పేరేమిటి?

… ఎందుకేమిటి? ఎనిమిదేళ్ళు నీకు అన్నం పెట్టిన మనిషికి ఒక పేరుంటుంది కదా.

… లూర్దెస్. … ఆవిడకి చెప్పి వచ్చావా?

… చెప్పలేదా! మరి ఏమని బయటపడ్డావు?

… ఉల్లిపాయలు తెస్తానని బయటికొచ్చావా!

… బాగుంది. నాకు ఆరు నెలల ప్రయాణం అన్నావు, ఆవిడకి అరకిలో ఉల్లిపాయలన్నావు.

… నేనావిడ పక్షం కాదు. ఇవాళ ఆవిడ ఎవర్ని తిడుతోందో నాకు తెలుసు, అంతే. నన్నే. దీవిలో కూర్చుని మంత్రం వేసి మగణ్ణి లాగేసుకుందని.

… పాదిరిగారు క్షమించమన్న మాట నిజమే. క్షమించాను కూడా, ఈస్టరుకే. దానికి నువ్వు ఇంట్లో ఉండక్కర్లేదు. ఆయన్ని నేనూ ఒకటడిగాను. అయ్యా, దేవుణ్ణి కన్నదీ ఆడదే కదా, మరి ప్రలోభం అన్న మాట వినగానే అందరూ మా వైపే ఎందుకు చూస్తారు అని. గడ్డం సవరించుకుని, ఆలోచిస్తానమ్మా అన్నారు. పాపం, నిజంగానే ఆలోచిస్తారాయన.

… నీ ఇల్లా? ఏది నీ ఇల్లు?

… పుట్టిన ఊరి ఆచారం కూడా మరిచిపోయావా? ఈ దీవిలో ఇల్లు తల్లి నుంచి కూతురికి. మా అమ్మమ్మ, మా అమ్మ, నేను. మగవాడు పెట్టెతో వస్తాడు, పెట్టెతో పోతాడు. మే నెలలో అన్నెజా పెళ్ళయింది. ఇప్పుడీ ఇల్లు దానిది. నేనే వెనక గదిలోకి మారాను.

… ఔను, నీ కూతురి పెళ్ళే. స్ట్రాతిస్ చెప్పలేదా? … ఎలా చెబుతాడులే. చెప్పులు చూసి రమ్మన్నావు గానీ, కూతుర్ని చూసి రమ్మనలేదుగా.

… ఏడవకు. రేవులో జనం చూస్తారు.

… సరే, విను. వేళవుతోంది. రా. తలుపు సంగతి నేను చెప్పలేను, అది అన్నెజా చేతిలో ఉంది. వాకిట్లో కుర్చీ వేస్తాను. అందరూ చూస్తుండగా కూర్చుని, అది అడిగినదానికి జవాబు చెప్పు. మందు పెట్టారు, మాయ చేశారు అనకు. నేను వెళ్ళాను, నేను ఉండిపోయాను అని చెప్పు. అది లోపలికి రమ్మంటే వస్తావు. లేదంటే చర్చి పక్కన యాత్రికుల గదులున్నాయి.

… హామీ ఇవ్వలేను. ఎవరిచ్చారు నాకు?

… తిండికేం? గిన్నెలో గుప్పెడు ఎక్కువే ఒలిచాను. నీ కోసమని అనుకోకు.

… మళ్ళీ ఊళ్ళోవాళ్ళా? వాళ్ళు అనుకోవలసిందంతా ఎనిమిదేళ్ళ కిందటే అనేసుకున్నారు.

… జన్నీస్, టైము చూసుకో. ఎక్కు. మిగతాది వచ్చాక మాట్లాడుకుందాం.

… ముందు అన్నెజాని అడిగి చెప్పాలా? అదెక్కడికీ పోలేదు, ఇక్కడే ఉంది. కానీ నేనడగను. అడగవలసింది నువ్వు. ఎక్కవయ్యా!

… ఏమిటా మోత?

… ఓడ కూతేనా?

… మెట్లు లాగేశారా?

… మరి నువ్వు?

… అక్కడే నిలబడ్డావా. … ఇంకా రేవులోనే.

… పక్కనెవరున్నారు?

… బాగా చూడు. పాడేవాళ్ళు గానీ, మందు కలిపేవాళ్ళు గానీ, ఒక్క ఆడదైనా లేదా?

… ఎవరూ లేరా.

… మరి ఇప్పుడు నిన్నెవరు కట్టేశారయ్యా?

… పెట్టేస్తున్నాను.