క్యాబేజీగా బిల్లయిన కేకు

పేరు పైన రాసుకున్నారు. కొట్లో మాత్రం అందరూ నన్ను పెద్దక్క అంటారు. వయసు నలభై తొమ్మిది. సరుకుల దుకాణంలో మూడో కౌంటరు దగ్గర బిల్లులు కొడతాను. నా భర్త చనిపోయారు. ఎవరి బలవంతమూ లేకుండా, జరిగింది జరిగినట్టు చెబుతున్నాను. మధ్యలో సొంత అభిప్రాయాలు వద్దని ఇన్‌స్పెక్టరు గారు అన్నారు. ప్రయత్నిస్తాను.

ప్రభుత్వం బీద కుటుంబాలకు ఇచ్చే ఆహార కార్డు మా కొట్లో చెల్లుతుంది. పోయిన నెల నుంచి ఆ కార్డు మీద కూల్‌డ్రింకులు, చాక్లెట్లు, చిప్సు, క్రీము కేకులు ఇవ్వకూడదని రూలు వచ్చింది. అది విని సంతోషించినవాళ్లలో నేనూ ఉన్నాను. మా ఆయనకు షుగరు. అయినా రోజూ కూల్‌డ్రింకు తాగేవారు. వద్దంటే "నువ్వేమైనా పోలీసువా?" అనేవారు. ముందు కాలి వేళ్లు తీశారు, తర్వాత కాలు తీశారు, ఆ తర్వాత మనిషే లేకుండా పోయారు. కాబట్టి నేను రూలుకు విరోధిని కాను. ఇది కూడా రాసుకోండి.

శనివారం సాయంత్రం ఆరు దాటాక ఆమె వచ్చింది. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పనిచేస్తుంది. ఆ మందునీళ్లకు వేళ్ల చర్మం ఊడిపోయి ఉంటుంది, పర్సులోంచి కార్డు తీయడానికి కొంచెం సేపు పడుతుంది. వెంట తొమ్మిదేళ్ల కూతురు. బియ్యం, పప్పు, నూనె, గుడ్లు, చివర చిన్న క్రీము కేకు. మర్నాడు తన పుట్టినరోజని పిల్ల అడక్కుండానే నాకు చెప్పింది.

కేకును మిషను కింద పెట్టగానే తెర ఎర్రబడి గట్టిగా మోగింది. కార్డు మీద ఇవ్వకూడని సరుకు వస్తే అలా మోగేటట్టు పెట్టారు. దొంగ దొరికినా మా కొట్లో అంత మోత మోగదు. వరసలో ఉన్నవాళ్లంతా తలలెత్తి చూశారు.

"ఇది కార్డు మీద రాదమ్మా. డబ్బు ఇస్తావా?" అన్నాను.

ఆమె పర్సు తెరిచి చూసి మూసేసింది. "తీసేయండక్కా," అంది.

వెనకున్న పెద్దాయన, "ఊరికే వస్తే ఫినాయిలైనా తాగుతారు," అని పైకే అన్నారు.

పిల్ల తల్లి కొంగు పట్టుకుని, "నాకు కేకంటే ఇష్టం లేదులే అమ్మా. క్రీము అదోలా ఉంటుంది," అంది. అంటూనే కేకు మీద నుంచి చూపు తిప్పలేదు.

నాకు ఒళ్లు మండింది. ఎవరి మీదంటే చెప్పలేను. పెద్దాయన మీద, మిషను మీద, పోయిన మా ఆయన మీద కూడా. రోజుకో సీసా తాగిన మనిషిని ఎవరూ ఆపలేదు, ఏడాదికో ముక్క తినే పిల్లకు ఇంత మోతా అనిపించింది. ఇది అభిప్రాయమే, అయినా ఉండనివ్వండి.

నా డబ్బుతో ఎందుకు కొనివ్వలేదని అడిగారు. కౌంటరులో ఉన్నంతసేపు సొంత డబ్బు దగ్గర పెట్టుకోనివ్వరు. కూరగాయలు కార్డు మీద వస్తాయి, వాటి బరువు మాత్రం మేమే చేత్తో కొడతాము. క్యాబేజీ అని నొక్కి, కేకు ధర వచ్చేదాకా కిలోలు పెంచుతూ పోయాను. ఆ వారం క్యాబేజీ మరీ చవకన్న సంగతి తోచలేదు. పద్దెనిమిది కిలోలైంది. ఆమె కార్డు లోపల పెట్టుకుంటుండగా కేకు సంచిలో పెట్టేశాను. ఆమె చూడలేదు.

కాసేపటికి తిరిగి వచ్చింది. కేకు రెండు చేతులా పట్టుకుని, "అక్కా, ఇది పొరపాటున మా సంచిలో పడింది," అంది.

నేను కసిరాను. "పొరపాటేం కాదు. లైను ఆపకుండా ఇంటికి పో. రేపు పిల్లకి నా పేరు చెప్పి పెట్టు."

"మీకేమైనా అవుతుందేమో అక్కా," అంటూనే ఉంది. నేను తరువాతివాళ్ల సరుకులు ముందుకు లాక్కున్నాను. నేను కొనిచ్చాననే అనుకుని ఉంటుంది.

సోమవారం లెక్కలు చూసిన మేనేజరు, అంత క్యాబేజీ ఒక చేతిసంచిలో ఎలా పట్టిందని అడిగారు. గట్టిగా కుక్కితే పడుతుందన్నాను. వెటకారమా అన్నారు. వెటకారమే.

మేనేజరు మీకు ఫిర్యాదు చేశారు. ఇప్పుడు ఆమె మీ దగ్గరికి వచ్చి, తాను కాళ్లావేళ్లా పడితేనే నేను ఈ పని చేశానని చెప్పిందట. అది నిజమైతే నన్ను మందలించి వదిలేస్తారట, ఆమె కార్డు ఏడాదిపాటు రద్దవుతుందట. ఈ ఉద్యోగం పోతే ఈ వయసులో నాకు ఇంకోటి దొరకదు. భయంగానే ఉంది. కానీ ఆమె అడగలేదు. బతిమాలలేదు. తెలిసిన వెంటనే తిరిగి తెచ్చింది, నేనే కసిరి పంపాను. ఈ పాపంలో ఆమెకు పిడికెడు వాటా కూడా లేదు. నా ఉద్యోగం కోసం అబద్ధం చెప్పింది. తల్లీకూతుళ్లిద్దరికీ అబద్ధమాడటం చేతకాదు.

రాసినదంతా చదివి వినిపించారు. "ఆమె కోరిన మీదట" అని ఒకచోట రాశారు. అది నా మాట కాదు, కొట్టేయించాను. మిగిలినదంతా నేను చెప్పిందే, నిజమే. కొట్టేసిన చోట ఒక సంతకం, ఇక్కడ ఒక సంతకం చేస్తున్నాను.

(సంతకం)